ఫ్రిజ్‌లో పెడితే ప్రతి గింజా మొలుస్తుందా?

అపోహ: మొలవని గింజ ఏదైనా సరే, ఫ్రిజ్‌లో పెడితే దారికొస్తుంది.

వాస్తవం: చలి కావాల్సింది చలిదేశాల గింజలకి. ఆపిల్ గింజ చలికాలానికి ముందు నేల రాలుతుంది. వెంటనే మొలిస్తే మంచుకి చస్తుంది కనక లోపలి పిండమే ఆగిపోయి ఉంటుంది. మన రేల, తంగేడు, శంఖపుష్పం గింజల్లో పిండం సిద్ధంగానే ఉంటుంది. అడ్డమల్లా నీళ్లు దూరనివ్వని పైపెంకే. మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచినా ఆ పెంకు కరగదు.

వీటికి పెంకు మీద గాటు పెట్టాలి. గింజ కాయకి అంటుకున్న చోట చిన్న మచ్చ ఉంటుంది. వేరు వచ్చేది దాని పక్కనుంచే, అటు ముట్టుకోవద్దు. ఎదుటి అంచుని నెయిల్ కట్టర్‌తో కొద్దిగా తుంచండి, లేదా శాండ్ పేపర్ మీద రుద్దండి. లోపలి లేత రంగు కనపడగానే ఆపేయాలి. రాత్రి నానబెడితే పొద్దుటికి ఉబ్బుతాయి. ఉబ్బినవి నాటి, ఉబ్బనివాటికి మళ్లీ గాటు పెట్టండి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి గింజ పెంకు మరీ మొండిది, దానికి ఆకురాయి పట్టాల్సిందే.

అపోహ: రేల గింజల్ని ఉడకబెట్టాలి.

ఉడికిస్తే పప్పే మిగులుతుంది! నీళ్లు మరిగాక పొయ్యి మీంచి దించి, తెర్లడం ఆగాక గింజలు వేసి, చల్లారేదాకా అందులోనే వదిలేయండి.

అపోహ: ఆపిల్ గింజల పొట్లాం ఫ్రిజ్‌లో ఉంటే చాలు.

వాస్తవం: పొడి గింజకి ఫ్రిజ్ నిల్వ మాత్రమే, నీళ్లు పీల్చుకున్న గింజ మీదే చలి పనిచేస్తుంది. కొబ్బరి పొట్టు తడిపి, పిడికిట్లో గట్టిగా నొక్కితే చుక్క కారనంతగా పిండండి. మూడొంతుల పొట్టులో ఒక వంతు గింజలు కలిపి జిప్ కవర్లో పోసి, 4 డిగ్రీల దగ్గర 60 నుంచి 90 రోజులు ఉంచాలి. తలుపు అర వద్దు, తెరిచినప్పుడల్లా వేడెక్కుతుంది. ఫ్రీజర్ అసలే వద్దు, తడి గింజ గడ్డకట్టి చస్తుంది. వారానికోసారి చూడండి. బూజు పడితే తడి ఎక్కువైనట్టే, గింజలు కడిగి పొట్టు మార్చండి. వేరు మొన కనపడ్డవాటిని వెంటనే నాటేయాలి.

విజయవాడలో ఇది అక్టోబరు మొదట్లో మొదలుపెడితేనే దండగ కాదు. డిసెంబరు చివరికి బయటికొస్తాయి. మార్చిలో తీస్తే మన ఎండ వేడికి గింజ మళ్లీ నిద్రలోకి పోతుంది.

అపోహ: వేప గింజలు దాచి, తీరిగ్గా వేసుకోవచ్చు.

వేపకి నిద్ర లేదు, ఓపికా లేదు. రెండు మూడు వారాల్లోనే మొలకశక్తి పడిపోతుంది. జూన్, జులైల్లో రాలిన పండు గుజ్జు కడిగేసి, నీడన ఆరనిచ్చి, వారంలోపే మట్టిలో వేయండి.