విశ్రాంతి, ఆరాధన: మా సంఘాల్లో పాతుకుపోయిన అపోహలు, వాక్యం చెప్పే వాస్తవాలు

సర్వరాత్రి ప్రార్థనలో ఒకసారి, రాత్రి రెండు గంటల వేళ, ఒక తల్లి గోడకు ఆనుకుని నిద్రపోయారు. తెల్లవారాక కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "అయ్యగారూ, దేవుని సన్నిధిలో కునికాను. ఆయన నన్ను క్షమిస్తాడా?" అని అడిగారు. ముందు రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమె మిరపకాయల కోతలో వంచిన నడుము ఎత్తలేదు. ఇరవై ఏళ్లకు పైగా సంఘకాపరిగా ఉన్నాను. ఆమెలో ఆ భయం నాటింది మా బోధే అని ఆ ఉదయం నాకు అర్థమైంది. అప్పటి నుంచి విశ్వాసుల నోట వినే ఇలాంటి మాటలను బైబిలు వాక్యం ముందు పెట్టి చూస్తున్నాను.

అపోహ: అలసట, నిద్ర ఆత్మీయ బలహీనతకు గుర్తులు

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీయండి. కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తల ఎదుట అంత గొప్ప విజయం చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు, ఉపవాసం ఉండమని చెప్పలేదు. నిద్రపోతున్న ఆయనను దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ వచ్చాడు. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని రెండోసారి తినిపించాడు. హోరేబు కొండ దగ్గర దేవుని మెల్లని స్వరం వినిపించింది ఆ తర్వాతే. ఆ స్వరం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను, చేశాను కూడా. ఆ రెండు నిద్రల గురించి మాత్రం చాలా కాలం ఎవరమూ మాట్లాడలేదు.

యేసు పట్టుబడిన రాత్రి శిష్యులు నిద్రపోయిన గెత్సేమనే తోటను గుర్తుచేసేవారు ఉంటారు. మెలకువగా ఉండి ప్రార్థించమని యేసు చెప్పిన మాట నిజమే. ఆ ఘడియ అలాంటిది. అయితే అదే నోటితో ఆయన "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అని కూడా అన్నాడు. తుపాను దోనెను ఊపేస్తుంటే తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోయింది కూడా ఆ ప్రభువే. జనం వచ్చిపోతూ భోజనానికైనా తీరిక లేనప్పుడు శిష్యులను ఏకాంతానికి పిలిచి, కొంచెంసేపు అలసట తీర్చుకోమన్నాడు.

అందుకే ఎవరైనా కుంగిపోయి వస్తే నేను ముందు అడిగేది నిద్ర గురించి, తిండి గురించి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, బతుకు మీద ఆశ పోతే, వారితో కలిసి ప్రార్థించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. అది విశ్వాసం తగ్గడం అని ఎవరైనా అంటే, ఆ మాట నమ్మకండి.

అపోహ: విశ్రాంతి అంటే పనంతా అయ్యాక దొరికే కూలి

ఆదికాండములో మనిషిని దేవుడు ఆరో రోజున చేశాడు. మనిషి చూసిన మొదటి పూర్తి దినం ఏడోది. ఒక్క మొక్కకైనా నీళ్లు పోయకముందే అతనికి విశ్రాంతి దొరికింది. "అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను" అని రాసి ఉంది కదా. ఆ లెక్కలో రోజు సాయంత్రంతో మొదలవుతుంది. అంటే ముందు నిద్ర, ఆ తర్వాత పని. మనం నిద్రపోతున్నప్పుడు లోకాన్ని నడిపేది ఆయనే. 127వ కీర్తన కూడా ఇదే చెబుతుంది: "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు."

అపోహ: ఆదివారం గుడికి వస్తే విశ్రాంతి దినం ఆచరించినట్టే

ఇక్కడ నాకు బాధ ఎక్కువ. ఆదివారం మన ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. తల్లి నాలుగింటికి లేచి వంట చేస్తుంది, పిల్లలకు తలంటి, బట్టలు ఇస్త్రీ చేసి, అందరినీ సండే స్కూలు వేళకు చేరుస్తుంది. ఆరాధన ముగిశాక మళ్లీ వంట, వచ్చిన బంధువులకు వడ్డన. సాయంత్రం గృహకూడిక ఆమె ఇంట్లోనే అయితే టీ, చాపలు, కుర్చీలు. ఆ ఇంటిల్లిపాదిలో విశ్రమించినది ఎవరు?

నిర్గమకాండము 20లో విశ్రాంతి దినానికి సృష్టి కారణం. ద్వితీయోపదేశకాండము 5లో అదే ఆజ్ఞకు వేరే కారణం ఉంది: నువ్వు ఐగుప్తులో (ఈజిప్టులో) దాసుడిగా ఉన్నావు, అది మరచిపోవద్దు. విశ్రమించాల్సినవారి జాబితాలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి అందరూ ఉన్నారు. "నీవలె" అనే మాట అక్కడ ఉంది. నీ దాసుడు, దాసి నీవలె విశ్రమించాలి. ఇంట్లో ఒకరి వెన్ను విరిచి మిగతావారు తీసుకునే విశ్రాంతిని ఆ ఆజ్ఞ ఒప్పుకోదు.

మా సంఘంలో దీని మీద చాలా చర్చ జరిగింది. చివరికి ఆదివారం సాయంత్రం కూడికను గురువారానికి మార్చాం. సంఘమంతా కలిసి భోంచేసే ప్రేమవిందు నాడు వడ్డన, గిన్నెలు కడగడం మగవారి పని అని పెద్దలు ఒప్పుకున్నారు. శనివారం రాత్రే పులిహోర కలిపి పెట్టుకునే ఇళ్లు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. కార్యక్రమాలు ఎన్ని ఎక్కువైతే సంఘం అంత బలంగా ఉన్నట్టు అనుకున్న కాపరుల్లో నేనూ ఒకణ్ణి. విశ్వాసుల విశ్రాంతిని మేమే తినేశాం.

అపోహ: ఆదివారం రాలేనివారు దేవునికి దూరమైనట్టే

పాత నిబంధన విశ్రాంతి దినం శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం వరకు. ఆదివారం ప్రభువు లేచిన దినం కనుక ఆదిమ సంఘం ఆ రోజు కూడింది. అయినా వారిలో చాలామందికి అది పనిదినమే. ఆదివారానికి రాజశాసనంతో సెలవు వచ్చింది 321లో, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కాలంలో. అందులోనూ పొలం పనులకు మినహాయింపు ఇచ్చారు. శనివారం ఆచరించే సంఘాలు మన మధ్య ఉన్నాయి. దినాల విషయంలో ఎవరి మనస్సులో వారు రూఢి చేసుకోవాలని రోమా పత్రిక 14వ అధ్యాయం చెబుతుంది.

కువైట్‌లో మన తెలుగు విశ్వాసులు శుక్రవారం ఆరాధిస్తారు, అక్కడ వారపు సెలవు అదే కనుక. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇంటిపనికి వెళ్లిన అక్కచెల్లెళ్లలో కొందరికి ఆ శుక్రవారం కూడా దొరకదు. ఇక్కడ నైట్ డ్యూటీ దిగిన నర్సులు, ఆదివారమూ స్టీరింగు పట్టే బస్సు డ్రైవర్లు ఉన్నారు. "విశ్రాంతిదినము మనుష్యులకొరకే నియమింపబడెను" అని యేసు చెప్పాడు. వారిని నిందించడం మాని, వారికి వీలైన గంటలో మనమే వారి దగ్గరికి వెళ్లాలి.

అపోహ: పాట, ప్రార్థనే ఆరాధన; వంట, పొలం లోకపు పనులు

ఆదాము తోటను "సేద్యపరచుటకును దాని కాచుటకును" అక్కడ ఉంచబడ్డాడు. హీబ్రూలో ఈ రెండు క్రియలే ఆరాధన సేవకు ఏర్పరచిన గోత్రమైన లేవీయులు ప్రత్యక్షపు గుడారంలో, అంటే ఆరాధన గుడారంలో, చేసే సేవకూ వాడారు. కొలొస్సయులకు 3:23లో "మీరేమి చేసినను... ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి" అన్న మాట కూడా గుడి సేవకుల గురించి రాసింది కాదు. ఇళ్లలో చాకిరీ చేసే దాసులకు రాసింది.

మన పాత తరం స్త్రీలకు ఇది తెలుసు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా డబ్బాలో వేసేవారు; ఆదివారం అది కానుకగా గుడికి వచ్చేది. ఎసరు కాగేలోపు ఒక కీర్తన, ఆకలితో ఉన్న మరొకరి కోసం ఒక ప్రార్థన. కోత పండుగ నాడు బలిపీఠం ముందు గుమ్మడికాయలు, కోడిపెట్టలు, కొత్త వడ్ల బస్తాలు పేర్చడం కూడా ఇలాంటిదే.

మిరప కోతకు వెళ్లే ఆ తల్లి ఇంట్లో ఇప్పటికీ ఆ డబ్బా ఉంది. సర్వరాత్రి ప్రార్థనకు వస్తారు, పది గంటలకు ఇంటికి వెళ్లి పడుకుంటారు. వెళ్లేటప్పుడు ఇప్పుడు నా అనుమతి అడగరు.