ట్రాకియాస్టమీ తర్వాత రక్తం: "ఆగిపోయింది కదా" అని ఇంట్లో కూర్చోవద్దు

"డాక్టర్ గారూ, రాత్రి ట్యూబ్‌లోంచి కాస్త రక్తం వచ్చింది. పది నిమిషాల్లో దానంతటదే ఆగిపోయింది. ఇప్పుడు బాగానే ఉన్నారు. రేపు తీసుకురమ్మంటారా?"

ఈఎన్‌టీ సర్జన్‌గా పదే పదే వినే ఫోన్ ఇది. ట్రాకియాస్టమీ అంటే మెడ ముందు రంధ్రం చేసి, ఊపిరి ఆడటానికి శ్వాసనాళంలోకి ట్యూబ్ పెట్టే ఆపరేషన్. రేపు కాదు, ఇప్పుడే బయల్దేరండి అంటే అవతలివాళ్లు నమ్మలేరు. ఆగిపోయింది కదా అంటారు.

అపోహ: రక్తం దానంతటదే ఆగితే గండం గడిచినట్టే.

వాస్తవం: ట్రాకియాస్టమీ చేసిన మూడో రోజు నుంచి ఆరు వారాల లోపు తాజా రక్తం వస్తే, అది పెద్ద రక్తనాళం నుంచి కాదని తేలేదాకా మేం దాన్ని పెద్ద రక్తనాళం నుంచి వచ్చినట్టే చూస్తాం. బృహద్ధమని నుంచి చీలే మొదటి పెద్ద కొమ్మ ఇన్నామినేట్ ఆర్టరీ. ఛాతీ ఎముక పైభాగం వెనక, శ్వాసనాళానికి ముందు నుంచి అడ్డంగా పోతుంది. ట్యూబ్ కొన గానీ, గాలి ఎక్కువైన కఫ్ (ట్యూబ్ చుట్టూ లోపల ఉబ్బే బెలూన్) గానీ శ్వాసనాళం గోడను రోజుల తరబడి ఒత్తితే అక్కడ పుండు పడుతుంది. అది లోతుకు వెళ్లి ధమనిని చేరితే చిల్లు పడుతుంది. ముందు కాస్త రక్తం వచ్చి, గడ్డకట్టి, ఆ చిల్లు మూసుకుంటుంది. చూసేవాళ్లకు తగ్గిపోయినట్టే ఉంటుంది. గడ్డ ఊడిన రోజున మాత్రం రక్తం ఊపిరితిత్తుల్లోకి ఉప్పెనలా వస్తుంది. అప్పుడు ఆపరేషన్ అందకపోతే దాదాపు ఎవరూ బతకరు.

ఈ సమస్య వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి ముందుగా ఆ చిన్న బ్లీడింగ్ కనిపిస్తుంది. పెద్దది రావడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, కొన్ని రోజులు పట్టవచ్చు. మనిషిని కాపాడుకోవడానికి మన చేతిలో ఉన్న టైమ్ అదే.

ఒకావిడ పక్షవాతం వచ్చిన తండ్రిని ఇలాగే అర్ధరాత్రి తీసుకొచ్చింది. సక్షన్ (ట్యూబ్‌లోని తెమడను పీల్చి తీయడం) గట్టిగా చేసి ఉంటావులే, పొద్దున చూద్దాం అని ఇంట్లో అందరూ అన్నారట. రక్తం తుడిచిన తువ్వాలును కవర్లో పెట్టి తెచ్చి, "ఎంత వచ్చిందో నోటితో చెప్తే మీకు తెలియదని" అంటూ నా ముందు విప్పింది. అరచేతి కంటే పెద్ద మరక, ఎర్రగా, ఇంకా తడిగా ఉంది. రక్తనాళాలను చూపే సీటీ యాంజియో స్కాన్‌లో ట్యూబ్ కొన సరిగ్గా ధమని మీదే ఆనుకుని కనిపించింది. తెల్లారేలోగా ఆపరేషన్ అయింది, ఆయన బతికారు. ఆ తువ్వాలు చూడకపోయినా స్కాన్ చేయించేవాళ్లమే. కానీ అంత హడావిడి చేసేవాళ్లం కాదేమో.

ఇది చదివి టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. ఇది చాలా అరుదు, నూటికి ఒకరికి కూడా రాదు. వచ్చేవాళ్లలో ఎక్కువ మందికి మొదటి మూడు నాలుగు వారాల్లోనే వస్తుంది. సక్షన్ తర్వాత తెమడలో గులాబీ రంగు చారలు కనిపించడం మామూలే. సక్షన్ చేసే సన్నటి గొట్టం (క్యాథెటర్) ట్యూబ్ పొడవు దాటి లోపలికి వెళ్లినా, గాలిలో తేమ లేక లోపల ఎండిపోయినా అలా అవుతుంది. చారలు చూసి ఏడవాల్సిన పని లేదు. తాజా రక్తం 10 ఎంఎల్, అంటే రెండు టీస్పూన్లు దాటినా, ట్యూబ్ గుండెతో పాటు కొట్టుకుంటున్నట్టు కదులుతున్నా వెంటనే ఆసుపత్రికి రండి. గుండె, రక్తనాళాల ఆపరేషన్ చేయగలిగే చోటికైతే మరీ మంచిది.

అపోహ: రక్తం వస్తుంటే ట్యూబ్ తీసేయాలి.

ఎవరు పుట్టించారో గానీ, ఇది ప్రాణాలు తీసే సలహా. ఊపిరికి ఉన్న దారి ఆ ట్యూబే, రక్తనాళాన్ని ఎంతో కొంత నొక్కిపెట్టేది కూడా దాని కఫే. ఆసుపత్రిలో మేం మొదట కఫ్‌లో ఇంకాస్త గాలి నింపుతాం. దానికీ ఆగకపోతే నోటి గుండా వేరే ట్యూబ్ వేసి, మెడ దగ్గరి రంధ్రంలోంచి వేలు పెట్టి ధమనిని ఛాతీ ఎముకకు అదిమి పడతాం. మా జూనియర్ ఒకరు అలా పట్టిన వేలు తీయకుండా, స్ట్రెచర్ పక్కనే వంగి ఆపరేషన్ థియేటర్ దాకా నడిచారు. ఇంట్లో ఉన్నవాళ్లు చేయాల్సింది అంబులెన్స్‌కు ఫోన్ చేయడం, ఊపిరి ఆడేలా సక్షన్‌తో రక్తం తీస్తుండటం. ట్యూబ్ జోలికి వెళ్లొద్దు.

మిగతావి క్లుప్తంగా. కఫ్‌లో గాలి ఎంత ఎక్కువుంటే అంత సేఫ్ అనేది తప్పు. ప్రెజర్ 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. బయటి చిన్న బెలూన్‌ను వేలితో నొక్కి చూస్తే అది తెలియదు, మీటర్‌తో కొలవాలి. మొదటి రెండు రోజుల్లో రక్తం వస్తే ఆపరేషన్ చెడిపోయిందని కాదు. చాలాసార్లు అది గాయం అంచులోని చిన్న సిరల నుంచో, థైరాయిడ్ నుంచో వస్తుంది, డ్రెస్సింగ్‌తోనో ఒక కుట్టుతోనో ఆగుతుంది. అయినా డ్యూటీ డాక్టర్‌కు చెప్పాల్సిందే. రక్తం పలుచన చేసే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు అది ఇంకో ప్రమాదం తెస్తుంది. ఆపాలో వద్దో బ్లీడింగ్ చూసిన డాక్టరూ, ఆ మాత్ర రాసిన డాక్టరూ మాట్లాడుకుని చెప్తారు.