సూత్రం దాచుకున్న అన్న

చిన్నీ,

నీ బొమ్మ చూసి పక్కబెంచీ అమ్మాయి అలాగే గీసి ప్రైజు కొట్టేసిందని ఫోన్లో ఏడ్చావు. తర్వాత నువ్వే అడిగావు: "నా బొమ్మ నా దగ్గరే ఉందిగా తాతయ్యా, మరి నాకేం పోయినట్టు?"

పోయింది మళ్ళీ గీయాలన్న ఉత్సాహం, తల్లీ. అది చిన్న నష్టం కాదు. బొమ్మ గీసిన క్షణానే దానిమీద నీకు కాపీరైటు, అంటే నువ్వు ఒప్పుకోకుండా ఎవరూ దాన్ని కాపీ కొట్టకూడదనే హక్కు, వచ్చేస్తుంది. కొత్త పనిముట్టు కనిపెడితే మాత్రం పేటెంటు అనే హక్కుకి ప్రభుత్వం దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి.

నా చిన్నప్పుడు మా వీధిలో ఒక అన్న ఉండేవాడు. అతని గాలిపటం ఎప్పుడూ గింగిరాలు కొట్టేది కాదు. కిటుకంతా సూత్రం, అంటే పటానికి కన్నాల్లోంచి కట్టే దారం, కట్టడంలోనే ఉంది. పై కన్నం దగ్గర దారం ఎంత వదలాలో, ముడి ఎక్కడ పడాలో అతనికే తెలుసు. మేం దగ్గరికెళితే వీపు తిప్పేసి కట్టేవాడు. చెబితే మర్నాటికల్లా అందరి పటాలూ అతనిదానంత ఎత్తు ఎగురుతాయిగా! ఏడాది తిరక్కుండానే వాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయారు, సూత్రమూ వాళ్ళతోనే పోయింది. మేం మళ్ళీ మొదటినుంచి పటాలు చించుకున్నాం.

ఇప్పుడు అతని మీద నాకు కోపం లేదు. చెప్పినందుకు అతనికేం దక్కేది? పేటెంటు సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది. "సూత్రం దాచకుండా రాసివ్వు. ఇరవై ఏళ్ళు నీ అనుమతి లేకుండా ఎవరూ దాన్ని చేసి అమ్మకూడదు. ఆ తర్వాత అది అందరిదీ" అంటుంది ప్రభుత్వం. వెనిస్ నగరం 1474లోనే పదేళ్ళ గడువుతో ఇలాంటి చట్టం చేసింది.

ఇంగ్లండులో చాంబర్లెన్ అనే వైద్యుల కుటుంబం, కష్టమైన కాన్పుల్లో బిడ్డని బయటికి తీసే పట్టకారు కనిపెట్టి, నూరేళ్ళకు పైగా ఇంటిగుట్టుగా దాచింది. వాళ్ళ పాత ఇంట్లో నేలచెక్కల కింద ఆ పనిముట్లు 1813లో బయటపడ్డాయి. అన్నేళ్ళలో ఎందరు తల్లులు పోయారో తలుచుకుంటే గుండె పిండేస్తుంది.

హక్కు ఉంటే డబ్బు పెట్టేవాళ్ళకీ ధైర్యం వస్తుంది. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం పేటెంటును 1775లో ఏకంగా 1800 దాకా పొడిగించారు. బౌల్టన్ అనే వ్యాపారి అతనితో గట్టిగా దిగింది అప్పుడే. అంత పొడుగు గడువు మాత్రం నాకు నచ్చదు, మిగతావాళ్ళ చేతులు కట్టేసినట్టే.

కార్లో భుజం మీదుగా వేసుకునే బెల్టు ఉంది చూడు, దాన్ని 1959లో వోల్వో అనే కార్ల కంపెనీలో నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు తయారుచేశాడు. పేటెంటు ఉండి కూడా ఆ కంపెనీ అందర్నీ వాడుకోనిచ్చింది. అమ్మనడిగి ఇంటర్నెట్లో 3043625 నంబరు అమెరికా పేటెంటు తెరిపించు. బొమ్మలోని అంకెలు పట్టుకుని, ఏది ఏమిటో కింద రాసింది చదువు. తర్వాత వెళ్ళి మీ కార్లో బెల్టు లాగి చూడు.

తాతయ్య