బోటు ఇంజిన్ మోతకు స్పాంజి ఒక్కటే మందు కాదు: అపోహలు – వాస్తవాలు

వరంగల్ ఆటోనగర్ కేంద్రంగా డీజిల్ జనరేటర్లకు శబ్దాన్ని తగ్గించే క్యానపీలు (చుట్టూ మూసే ఇనుప పెట్టెలు), పర్యాటక బోట్లకు ఇంజిన్ పెట్టెలు తయారుచేసి బిగించడం నా వృత్తి. ఈ పని మీద లక్నవరం, పాకాల, కరీంనగర్ దిగువ మానేరు, కాళేశ్వరం దగ్గరి గోదావరి వైపు వెళ్లినప్పుడు బోటు యజమానులు అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒక్కటే: “ఎంత మందం స్పాంజి పెడితే సప్పుడు బందైతది?” అలా అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒకసారి స్పాంజికి డబ్బు పోసి, ఫలితం కనబడక, ఇంకొంచెం మందంగా వేయిస్తే సరిపోతుందేమోనన్న ఆశతో ఉన్నవారే. అందువల్ల మిగతా అపోహల కంటే ముందు దీని సంగతే వివరంగా చెప్పాలి.

అపోహ: ఇంజిన్ పెట్టె లోపల మందపాటి స్పాంజి అతికిస్తే మోత ఆగిపోతుంది

శబ్దాన్ని పీల్చుకోవడం వేరు, అడ్డుకోవడం వేరు. స్పాంజి చేసేది మొదటి పని మాత్రమే. పెట్టె లోపల ఈ గోడకూ ఆ గోడకూ తగిలి పెరిగే మోతను, అందులోనూ కీచుమనే పైస్థాయి శబ్దాన్ని, అది తన రంధ్రాల్లో కొంతమేరకు హరిస్తుంది. గోడను దాటి బయటికి వచ్చే శబ్దాన్ని ఆపేది మాత్రం గోడ బరువు. సిద్ధాంతం ప్రకారం గోడ బరువు రెట్టింపైతే దాన్ని దాటివచ్చే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు (డెసిబెల్ అంటే శబ్దానికి కొలత) తగ్గుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చదరపు మీటరుకు దాదాపు 8 కిలోలు తూగుతుంది. పరుపుల దుకాణంలో 32 డెన్సిటీ పేరుతో అమ్మే స్పాంజి 25 మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరుకు 800 గ్రాములే. అంటే గోడ బరువు పెరిగింది పదో వంతు. అందువల్ల అదనంగా ఆగే శబ్దం 1 డెసిబెల్ కూడా ఉండదు. మందం రెట్టింపు చేసినా ఆ లాభం 2 డెసిబెళ్లు దాటదు. మన చెవికి మోత సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు తగ్గాలి.

డీజిల్ ఇంజిన్‌లో మనల్ని ఎక్కువగా బాధించేది కింది స్థాయి దడదడ. మూడు సిలిండర్ల నాలుగు స్ట్రోకుల ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 50 పేలుళ్లు జరుగుతాయి. ఆ శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. ఒక అంగుళం స్పాంజి బాగా పనిచేసేది సెకనుకు వేల కంపనాల స్థాయిలో ఉన్న శబ్దాల మీద కాబట్టి, ఇంత పొడవైన తరంగానికి అది ఉన్నా లేనట్టే. స్పాంజి వేయించుకున్నవారు “గరగర కొంచెం తగ్గింది కానీ దడదడ అట్లనే ఉన్నది” అని చెప్పే మాట అక్షరాలా నిజం, దానికి కారణం ఇదే.

కాబట్టి గోడకు బరువు చేర్చాలి. ఇందుకు వాడేది చదరపు మీటరుకు 5 కిలోలు ఉండే బరువైన వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) షీటు. పైన చెప్పిన ప్లైవుడ్‌కు దాన్ని జతచేస్తే బరువు లెక్కలోనే 4 డెసిబెళ్లు వస్తాయి. గోడకు నేరుగా అతికించకుండా మధ్యలో పలుచని ఫోమ్ (స్పాంజి లాంటిదే) పొర ఉంచితే మధ్యస్థాయి, పైస్థాయి శబ్దాల మీద ఫలితం ఇంకా మెరుగ్గా ఉంటుంది. దాని మీద, ఇంజిన్ వైపున, పీల్చుకునే ఫోమ్ పొర రావాలి. అయితే 5 చదరపు మీటర్ల పెట్టెకు ఈ షీటు 25 కిలోల అదనపు బరువు అవుతుందని, చిన్న బోటులో ఆ బరువును మనుషుల లెక్కలో కలుపుకోవాలని ముందే గుర్తుంచుకోండి.

బరువు చేర్చినా సందులు వదిలితే ఆ ఖర్చంతా వృథా. పెట్టె మొత్తం వైశాల్యంలో 1 శాతం తెరిచి ఉన్నా, మిగిలిన 99 శాతం ఎంత దిట్టమైన గోడైనా సరే, ఆ పెట్టె 20 డెసిబెళ్లకు మించి ఆపలేదు. మీటరు వెడల్పు, మీటరుంబావు పొడవు, ముప్పావు మీటరుకు మించిన ఎత్తు ఉన్న పెట్టెకు, మూత చుట్టూ చిటికెన వేలు దూరేంత సందు ఉంటే దాదాపు ఆ 1 శాతం అయినట్టే. చిల్లు కుండకు గోడ మందం పెంచినంత మాత్రాన నీళ్లు నిలవవు. మూత అంచుకు మెత్తని రబ్బరు గాస్కెట్ వేసి, దాన్ని అదిమిపట్టే బిగింపులు పెట్టడం, గేరు కేబుళ్లు, డీజిల్ గొట్టాలు వెళ్లే రంధ్రాల చుట్టూ పూడ్చడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే చవకైనవి, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేవి.

అయితే ఇంజిన్ ఊపిరి పీల్చుకోవాలి. అసలు నష్టం జరిగేది ఇక్కడే. 1 లీటరు సామర్థ్యం గల నాలుగు స్ట్రోకుల ఇంజిన్ 2000 చుట్ల వేగంలో మండించడానికే నిమిషానికి దాదాపు 1000 లీటర్ల గాలి లాగుతుంది. పెట్టెలోని వేడిని బయటికి తీసుకుపోయే గాలి దీనికి అదనం. మూతను పూర్తిగా మూసేసినవారి ఇంజిన్లు నల్లపొగ కక్కుతాయి, బలం తగ్గుతాయి, బెల్టులూ గొట్టాలూ వేడికి పెళుసుబారిపోతాయి. సందులన్నీ మూయాలి, గాలికి మాత్రం దారి ఉండాలి. ఈ రెండింటికీ పొత్తు కుదిరేది గాలిదారిని కనీసం రెండు మలుపులు తిప్పి, లోపలి గోడలకు ఫోమ్ పొర వేసినప్పుడే. గాలి మలుపు తిరిగి లోపలికి పోతుంది, శబ్దం మాత్రం మలుపు మలుపుకూ ఫోమ్‌కు తగిలి నీరసిస్తుంది. స్పాంజికి పెట్టిన డబ్బు నిజంగా పనికొచ్చే చోటు ఇదే. చల్లగాలి ముందు భాగంలో కిందినుంచి రావాలి, వేడిగాలి వెనక భాగంలో పైనుంచి పోవాలి. ఫోమ్ వేశాక మిగిలే వైశాల్యాన్నే లెక్కలోకి తీసుకోవాలి: 150 మిల్లీమీటర్ల గొట్టానికి లోపల 25 మిల్లీమీటర్ల ఫోమ్ చుట్టూ వేస్తే మిగిలేది 100 మిల్లీమీటర్ల దారి, అంటే గాలి వెళ్లే వైశాల్యం సగం కంటే తక్కువ.

ఈ అపోహ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. హన్మకొండ ఫంక్షన్ హాళ్ల బయట జనరేటర్ నడుస్తున్నా పక్కన నిలబడి మాట్లాడుకోవచ్చు. క్యానపీ తలుపు తీస్తే లోపల కనిపించేది ఫోమే కాబట్టి గొప్పతనమంతా దానిదేనని అందరూ అనుకుంటారు. 2005 జనవరి 1 తర్వాత తయారైన, 1000 కేవీఏ (విద్యుత్ సామర్థ్యానికి కొలత) వరకు ఉన్న డీజిల్ జనరేటర్ల నుంచి క్యానపీకి 1 మీటరు దూరంలో శబ్దం 75 డెసిబెళ్లకు మించరాదని మన దేశంలో నిబంధన ఉంది. దాన్ని అందుకోవడానికి ఆ క్యానపీలో ఇనుప రేకు బరువు, తలుపుల గాస్కెట్లు, మలుపుల గాలిదారి, పెద్ద సైలెన్సర్, ఇంజిన్ కింద అదురును ఆపే రబ్బరు దిమ్మలు (మౌంట్లు) అన్నీ కలిసి పనిచేస్తున్నాయి. ఒక్క ఫోమ్‌నే తీసుకొచ్చి బోటులో అతికిస్తే ఆ ఫలితం ఎలా వస్తుంది?

ఒక జలాశయం దగ్గర ఫైబర్ బోటు నడుపుకునే పెద్దాయన నన్ను పిలిపించి, “తమ్మీ, రెండుసార్లు స్పాంజి ఏపిచ్చిన, సప్పుడు తగ్గలే, ఇంజిన్ మాత్రం కాగుతున్నది” అన్నాడు. మూత ఎత్తి చూస్తే మూడు అంగుళాల స్పాంజి గాలి రంధ్రాలను కూడా కప్పేసి ఉంది. మూత అంచున గాస్కెట్ లేదు. చీకటిపడ్డాక లోపల టార్చిలైటు వెలిగించి మూత మూయించాను. నాలుగు వైపులా వెలుతురు గీతల్లా బయటికి వచ్చింది, గేరు లివరు దగ్గరైతే వెలుతురు గుప్పెడు వెడల్పున పడింది. “కాకా, ఎలుగు ఎక్కడినుంచి ఎల్తున్నదో, సప్పుడు గూడ ఆడినుంచే ఎల్తున్నది” అంటే ఆయన చాలాసేపు దానివంకే చూశాడు. ఇంధన ఫిల్టరు కింద ఉన్న స్పాంజిని వేలితో నొక్కితే నల్లటి డీజిల్ కారింది. ముందు ఆ స్పాంజినంతా తీసేసి, గాస్కెట్ వేసి, రెండు మలుపుల గాలిదారి కట్టి, ఆ తర్వాతే వినైల్ షీటు పని మొదలుపెట్టాం. గాస్కెట్, గాలిదారి పూర్తయిన రోజునే, షీటు వేయకముందే, ఆయన డ్రైవరు మోత తగ్గిందని తనంతట తాను చెప్పాడు.

అపోహ: ఇంజిన్ దగ్గర ఏ ఫోమ్ పెట్టినా అంటుకుంటుంది, అసలు ఏదీ పెట్టకూడదు

బోట్లు తగలబడిన వీడియోలు చూసి భయపడినవారు నాకు ఫోన్ చేస్తుంటారు. ఆ భయం ఊరికే పుట్టినది కాదు. వాళ్లు మనుషులను ఎక్కించుకుని నీళ్ల నడుమకు వెళ్లేవారు. కానీ ఆ వీడియోల కింద ఎవరో రాసిన మాటలు పట్టుకుని అన్నీ ఒకటేనని తేల్చేయడం సరికాదు. పరుపుల స్పాంజి నిజంగానే ప్రమాదకరం. అది డీజిల్‌ను, ఆయిల్‌ను వత్తిలా పీల్చుకుంటుంది, తొందరగా మండుతుంది, మండితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ వంటి విషవాయువులు వస్తాయి. నీటితో చల్లబడని ఎగ్జాస్టు మేనిఫోల్డు (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే మొదటి గొట్టం) పూర్తి లోడు మీద 400 డిగ్రీలు దాటగలదు. డీజిల్‌కు అంటుకోవడానికి అంత వేడి అక్కర్లేదు. అందుకే మంట వ్యాపించని రకం ఫోమ్ తీసుకోవాలి, దానికి ఇంజిన్ వైపు అల్యూమినియం రేకు పొర ఉండాలి, కోసిన ప్రతి అంచునూ అల్యూమినియం టేపుతో మూయాలి. అంచు తెరిచి ఉంటే మంచి ఫోమ్ కూడా ఆయిల్ తాగుతుంది. ఎగ్జాస్టు చుట్టుపక్కల ఫోమ్ ఏదీ వద్దు. అక్కడ గ్లాస్ వస్త్రంలో కుట్టిన రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన ఉన్ని) వాడాలి, రాక్‌వూల్ మండదు. దాన్ని విడిగా పెడితే తేమ పీల్చి జారిపోతుంది కాబట్టి వస్త్రంలో కుట్టడం తప్పనిసరి.

అపోహ: మోతంతా గాలిలోనే వస్తుంది

ఇంజిన్‌ను బోటు దుంగలకు నేరుగా బోల్టులతో బిగిస్తే, అదురు ఆ బోల్టుల గుండా ఫైబర్ అడుగుకూ, నేల పలకలకూ, సీట్లకూ పాకి, బోటు మొత్తం మోగుతుంది. సీటు మీద చేయి వేస్తే అదురు తెలుస్తున్నదంటే మీ డబ్బు ముందు పోవాల్సింది పెట్టెకు కాదు, రబ్బరు మౌంట్లకు. అవి కూడా ఇంజిన్ బరువుకు తగినవై ఉండాలి. మౌంటు సహజ కంపన వేగానికి (కదిపి వదిలితే మౌంటు మీద ఇంజిన్ తనంతట తాను ఊగే వేగానికి) ఇంజిన్ అదురు వేగం కనీసం 1.41 రెట్లు దాటితేనే అదురు తగ్గడం మొదలవుతుంది, అంతకు లోపల ఉంటే పెరుగుతుంది. లారీ టైరు ముక్కలు కోసి పెట్టినవారికి ఏ మార్పూ కనబడకపోవడానికి ఇదే కారణం. మౌంట్లు మార్చాక అవి బరువుకు కుదురుకునేదాకా ఆగి, ఇంజిన్‌ను ప్రొపెల్లరుతో కలిపే షాఫ్టు వరుసను మళ్లీ సరిచూసి, ఇంజిన్‌కూ షాఫ్టుకూ మధ్యలో మెత్తని కప్లింగ్ (జోడింపు) వేయాలి. ఎగ్జాస్టు గొట్టాన్ని పెట్టె గోడకు గట్టి క్లిప్పుతో పట్టించారేమో చూడండి. అన్ని మౌంట్లు మంచివైనా, ఆ ఒక్క క్లిప్పు అదురును గోడకు చేరవేస్తూ ఉంటుంది.

ఇంకొన్ని అపోహలు

గుడ్ల అట్టలు, థర్మకోల్ శబ్దాన్ని ఆపవు. వాటికి బరువు లేదు, డీజిల్ పడితే అట్ట నానిపోతుంది, నిప్పు తగిలితే రెండూ మండుతాయి.

గాలితో చల్లబడే పంపుసెట్టు ఇంజిన్‌ను నాటు పడవలో పెట్టుకున్నవారు దానికి మూత పెట్టాలని చూడవద్దు. సిలిండరును చల్లబరిచిన వేడిగాలిని విడి గొట్టంతో బయటికి పంపే ఏర్పాటు లేకుండా దానికి పెట్టె కట్టడమంటే ఇంజిన్‌ను పోగొట్టుకోవడమే. అలాంటి పడవకు మంచి సైలెన్సర్, మెత్తని మౌంట్లు చాలు.

బోటు వెనక బయట తగిలించే అవుట్‌బోర్డు మోటారు మూత లోపల అదనంగా ఫోమ్ కుక్కకండి. కంపెనీ గాలికి వదిలిన ఖాళీని అది తినేస్తుంది.

పెట్రోలు ఇంజిన్ ఉన్నవారికి ఒక్క మాట. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, అడుగున పేరుకుంటుంది. పెట్టె దిగువన గాలిదారి మూసేయడం ప్రాణాంతకం.

మొబైల్ యాప్‌లో చూపే డెసిబెల్ అంకెను ఎవరితోనూ పోల్చుకోకండి. అదే ఫోనుతో, అదే సీటులో, అదే వేగంలో పనికి ముందూ తర్వాతా చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది, దానికి మాత్రమే అది పనికొస్తుంది.

అపోహ: రోజూ వినే మోతకు చెవి అలవాటు పడిపోతుంది

ఇది డ్రైవర్లు చెప్పే మాట, వింటే నాకు బాధ కలుగుతుంది. సాయంత్రం ఇంటికి వెళ్లాక చెవిలో కీచుమనే మోత వస్తున్నదంటే చెవి అలవాటు పడలేదు, దెబ్బతింటోంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సూక్ష్మ కణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సూచించే హద్దు 8 గంటలకు 85 డెసిబెళ్లు; ఆపై ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది, 100 డెసిబెళ్ల దగ్గర అది 15 నిమిషాలే. పెట్టె పని పూర్తయ్యేదాకా డ్రైవరుకు చెవి రక్షకాలు ఇప్పించండి. ప్రయాణికుల పిలుపు, ఎదురు బోటు హారను వినబడాలి కాబట్టి చెవిని పూర్తిగా మూసేవి కాకుండా మధ్యస్థాయివి ఎంచుకోవాలి.

అపోహ: బిగించి వెళ్లిపోయారు, ఇక చూసుకోనక్కర్లేదు

ఒడ్డున ఖాళీగా తిప్పి చూసి డబ్బులు ఇచ్చేయకండి. పూర్తి మనుషులతో, మామూలు వేగంలో, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం గంటసేపు నడిపించి, పెట్టె లోపల థర్మామీటరు పెట్టి చూడండి. లోపలి గాలి బయటి గాలి కంటే 15 నుంచి 20 డిగ్రీలకు మించి వేడెక్కకూడదన్నది నేను పాటించే హద్దు. మే నెలలో బయటే 45 డిగ్రీలు ఉండే మన ప్రాంతంలో ఆ కాస్త తేడాకు కూడా చాలా విలువ ఉంది. హద్దు దాటితే ఫోమ్ పీకేయకుండా ముందు వేడిగాలి బయటికి పోయే దారిని వెడల్పు చేయించి, అప్పటికీ తగ్గకపోతే చిన్న ఫ్యాను పెట్టించండి. వానాకాలం మొదలయ్యేలోగా ఒకసారి అంచుల టేపులు వేలితో తడిమి చూసి, ఊడిన చోట కొత్తది వేయించి, ఫిల్టరు కింద తడి తగిలితే ఆ ఫోమ్ ముక్కను అక్కడికక్కడే మార్పించండి.