ఫోన్ చేతికొచ్చింది, దరఖాస్తు మాత్రం నెట్ సెంటర్‌లోనే

ఉత్తర తెలంగాణలో ఇవాళ స్మార్ట్‌ఫోన్ లేని ఇల్లు అరుదు. అయినా కుల ధ్రువీకరణ పత్రం కావాలన్నా, డిగ్రీ సీటుకు ‘దోస్త్’లో పేరు పెట్టాలన్నా, భూమి మ్యుటేషన్ అయినా జనం మీసేవకో నెట్ సెంటర్‌కో పోతారు. చదువు లేకపోవడమే దీనికి కారణమని చాలామంది తేల్చేస్తారు. ఇంటర్నెట్ ఇక్కడికి ఏ దారిన వచ్చిందో చూస్తే ఆ మాట నిలవదు.

వరంగల్‌కు కంప్యూటర్ వచ్చింది చదువుల రూపంలోనే. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఇంజినీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీ (2002 నుంచి ఎన్‌ఐటీ), 1976లో పుట్టిన కాకతీయ యూనివర్సిటీ ఉన్న ఊరు కాబట్టి ఇంజినీర్లకు కొదవ లేదు. తొంభైల్లో టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పిన గదుల్లోకే కంప్యూటర్లు వచ్చి, ఎమ్మెస్ డాస్, ఫాక్స్‌ప్రో కోర్సుల బోర్డులు లేచాయి. నేర్చుకున్నవాళ్లు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లున్న అమీర్‌పేటకు, అక్కడి నుంచి అమెరికాకు వెళ్లారు. ఊళ్లో మిగిలింది వాళ్ల వార్తే.

మామూలు జనానికి ఇంటర్నెట్‌ను ప్రభుత్వ టెలికం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న మొదలుపెట్టింది. అదీ కొన్ని మహానగరాల్లోనే, 9.6 కేబీపీఎస్ వేగంతో. మిగతా ఊళ్లవాళ్లు ఎస్టీడీ ఛార్జీ భరించి దూరపు నంబరుకు డయల్ చేయాలి. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. అదే నెల 22న వాజ్‌పేయి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాతే హనుమకొండ లాంటి చోట్ల, ఎస్టీడీ బూత్‌ల పక్కన, ఒక్కోసారి ఆ బూత్‌లోనే, నెట్ సెంటర్లు పుట్టాయి. గంటకింత అని కట్టి కూర్చునేవాళ్లు. ఎంసెట్ ఫలితాల రోజైతే లోపల నిలబడటానికీ చోటుండేది కాదు. ములుగు, ఏటూరునాగారం అడవి పల్లెల సంగతి వేరు. నక్సలైట్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలను పేల్చేస్తున్న కాలంలో అక్కడ మామూలు ఫోన్ మోగడమే కష్టంగా ఉండేది.

ఇంటర్నెట్‌ను పల్లెల్లోకి నిజంగా లాక్కొచ్చింది గల్ఫ్ వలస. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఎన్నో ఇళ్లకు దుబాయి, సౌదీ పోయినవాళ్లున్నారు. మొదట్లో క్యాసెట్లో గొంతు రికార్డు చేసి, వచ్చిపోయేవాళ్ల చేత పంపుకునేవాళ్లు. తర్వాత ఐఎస్‌డీ బూత్. అక్కడ మీటరు తిరుగుతుంటే టెన్షన్‌లో సగం మాటలు గొంతులోనే ఉండిపోయేవి. నెట్ సెంటర్‌లో యాహూ మెసెంజర్, వెబ్‌క్యామ్ వచ్చాక భార్యాపిల్లలు టౌనుకు బస్సెక్కి వచ్చి తెర మీద మనిషిని చూసుకున్నారు. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అంతకుముందు రెండొందలు దాటి పలికిన ఒక జీబీ డేటా నేల మీదికి దిగింది. బడి మొహం చూడని తల్లులు ‘ఐఎంఓ’లో కొడుక్కి తామే వీడియో కాల్ కలిపారు. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. కొడుకు ఫొటో మీద వేలు పెడితే చాలు, అవతల అతని మొహం కనిపిస్తుంది, తెలుగులో మాట్లాడతాడు. అక్షరం అడగని చోట అడ్డే లేదు.

అక్షరం దగ్గరే చిక్కంతా. తెలుగు డీటీపీ చాలా ఏళ్లు అను ఫాంట్ల మీద నడిచింది. హనుమకొండ డీటీపీ ఆపరేటర్ ‘యాపిల్’ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో కళ్లు మూసుకుని పెళ్లి పత్రిక కొట్టగలడు. కానీ ఆ తెలుగును మరో కంప్యూటర్లోకి తీసుకెళ్తే పిచ్చి గుర్తులుగా మారేది, వెతికితే దొరికేది కాదు. దీనికి మందు యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లోనైనా అదే అక్షరం కనిపించేలా చేసే ఉమ్మడి పద్ధతి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన ఉచిత ఫాంటుకు బమ్మెర పోతన పేరే పెట్టారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇష్టంతో రాసేవాళ్లు ఇలా దారి వేసుకున్నారు. సర్కారు ఫారాలు మాత్రం చాలావరకు ఇంగ్లిషులోనే ఉండిపోయాయి.

అలాంటి పరిస్థితిలోనే సేవలన్నీ ఆన్‌లైన్‌కు ఎక్కాయి. 2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ తర్వాత అన్ని జిల్లాలకూ వచ్చింది. అది మంచి పని చేసింది, ఆఫీసుల చుట్టూ తిరుగుడు తగ్గించింది. అయితే కౌంటర్ వెనక కూర్చున్నవాడే టైపు చేయాలన్న అలవాటును కూడా స్థిరపరిచింది. 2020 అక్టోబర్ 29న వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణిలో రైతుకు అది ప్రాణసంకటమైంది. పాసుబుక్‌లో పేరు తప్పుపడితే దిద్దించుకోవడానికి టీఎం 33 అనే మాడ్యూల్ ఎంచుకోవాల్సి వచ్చేది. తన సమస్యకు సరిపోయే మాడ్యూల్ లేకపోతే ఆ సమస్యను నమోదు చేసుకునే దారే ఉండేది కాదు. పహాణీ చదవగలిగిన రైతు కూడా అక్కడ నిస్సహాయుడే అయ్యాడు.

ఓటీపీది ఇంకో బాధ. ఆధార్‌కు ఎప్పుడో ఇచ్చిన నంబరు ఇప్పుడు పనిచేయదు, లేదా అది హైదరాబాద్‌లో ఉన్న కొడుకుది. వేలిముద్ర పెడదామంటే, ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన ఆడవాళ్ల వేళ్ల గీతలు అరిగిపోయి మెషిన్ తీసుకోదు. ఆమె బతుకుదెరువే ఆమె గుర్తింపును చెరిపేస్తే, తప్పు ఆమెదని ఎలా అంటాం?

ఇక లైన్ల సంగతి. పంచాయతీలకు ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది, ఇప్పుడు దాని పేరు భారత్‌నెట్. రాష్ట్రంలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాల్లోనే టీ ఫైబర్ గొట్టాలు వేశారు. కరోనాతో బడులు మూతపడి, 2020 సెప్టెంబర్ 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో పాఠాలు మొదలైనప్పుడు అడవి పల్లెల పిల్లలు సిగ్నల్ కోసం పడిన పాట్లు అందరికీ తెలిసినవే. అయినా లైన్ల కొరత ఏటేటా తగ్గుతోంది. ఐఎంఓ నేర్చిన తల్లి తెలుగులో మాట చెప్పి దరఖాస్తు నింపగలిగే ఏర్పాటు మాత్రం ఆ వేగంతో రావడం లేదు. అది ముందు జరగాల్సిన పని.

ఈలోగా ప్రభుత్వమే కాగితానికి తిరిగి వస్తోంది. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన కార్యక్రమంలో సుమారు 1.25 కోట్ల దరఖాస్తులు కాగితాల మీదే తీసుకున్నారు, తర్వాత ఆపరేటర్లను పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించారు. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చాక కూడా, జూన్‌లో ఊరూరా పెట్టిన రెవెన్యూ సదస్సుల్లో రైతులు అర్జీలు ఇచ్చింది కాగితాల మీదే.