ప్రార్థన మనవిలో జారిపోయే రహస్యం: క్రైస్తవ కౌన్సెలింగ్‌పై అపోహలు - వాస్తవాలు

గుంటూరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఒక పెద్దావిడ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "వందనాలమ్మా. మా వీధి పిల్ల నీ దగ్గరకొస్తోందంట కదా. ఏంటి సంగతి? పేరు పెట్టి ప్రార్థన చేద్దామని." ఆవిడ మనసులో కల్మషం లేదు, నిజంగానే తెల్లవారుజామున లేచి మోకరించే మనిషి. "ఎవరొస్తారో ఎవరు రారో చెప్పనండీ. రేపు మీ గురించి ఎవరడిగినా ఇదే చెబుతాను" అన్నాను. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

క్లినికల్ సైకాలజిస్టుగా నా పని, సంఘ సభ్యురాలిగా నా జీవితం ఒకే ఊళ్లో గడుస్తున్నాయి కాబట్టి ఇలాంటివి తప్పవు. కింద చెప్పే ఉదాహరణల్లో మనుషుల్ని గుర్తుపట్టలేనంతగా వివరాలు మార్చాను.

అపోహ: ప్రార్థన కోసమే కదా, చెబితే తప్పేముంది?

వాస్తవం: నేను చూసినంతలో రహస్యాలు ఎక్కువగా బయటికెళ్లేది పగతోనో కబుర్ల సరదాతోనో కాదు, ప్రార్థన మనవి రూపంలోనే. ఒక కోడలు పాస్టరమ్మగారి దగ్గర ఏడ్చి చెప్పుకుంటుంది. శుక్రవారం ఉపవాస కూటంలో పాస్టరమ్మగారు "పేరు చెప్పనుగానీ, మన సంఘంలో ఒక చెల్లి, భర్త గల్ఫ్‌లో ఉన్నాడు, నిద్రమాత్రలు మింగింది, ఆమె కోసం భారంతో ప్రార్థించండి" అంటారు. ఆ సంఘంలో గల్ఫ్ కుటుంబాలు రెండే! సాయంత్రానికి విషయం వాట్సాప్ గ్రూపులో ఉంటుంది, రాత్రికి అత్తగారి చెవిలో పడుతుంది. ఆ అమ్మాయి మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పదు. పేరు దాచినంత మాత్రాన మనిషిని దాచినట్టు కాదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 23వ సెక్షన్ గోప్యతను చికిత్స పొందేవారి హక్కుగా చెప్పింది. ప్రాణాపాయం, ఇతరులకు హాని, కోర్టు ఆదేశం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ప్రార్థన కూటం లేదు. ఈ సెక్షన్ కట్టడి చేసేది చికిత్స చేసే వృత్తుల వాళ్లను, పాస్టర్లను కాదు అని ఒకాయన నాతో వాదించారు. సరే, కానీ గేటుకు 'కౌన్సెలింగ్ సెంటర్' అని బోర్డు తగిలించాక, లోపలికొచ్చే మనిషి నాలాంటివాళ్ల దగ్గర ఆశించే గోప్యతే అక్కడా ఆశిస్తుంది.

నేను మొదటి రోజే అడిగేస్తాను: "మీ కోసం ప్రార్థించమని ఎవరికైనా చెప్పాలా? చెబితే ఏ మాట చెప్పాలి?" ఎక్కువమంది "ఒంట్లో బాలేదని చెప్పండి చాలు" అంటారు.

దేవుడు చేసిన మేలు సంఘం ముందు చెప్పుకునే సాక్ష్యం సంగతీ ఇంతే. కోలుకుని ఆరు వారాలు కాకముందే మైకు చేతికిస్తారు. "తనే ఒప్పుకుంది" అంటారు. తనను ఆదుకున్న మనిషి అడిగితే కాదనడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి.

అపోహ: అయితే కౌన్సెలర్ ఏ విషయమైనా గుండెల్లోనే దాచుకోవాలి.

వాస్తవం: పిల్లలపై లైంగిక నేరం విషయంలో అలా కుదరదు. పోక్సో చట్టం, 2012, 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సండే స్కూలు టీచరు చేత సంఘ పెద్దల ముందు క్షమాపణ చెప్పించి వేరే ఊరు పంపేస్తే ఈ బాధ్యత తీరిపోదు. ఆ వేరే ఊళ్లోనూ సండే స్కూలు ఉంటుంది.

అపోహ: మాత్రలు వేసుకుంటే విశ్వాసం లేనట్టే.

వాస్తవం: బైబిల్లో బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు కూడా. ప్రసంగం ఆ తర్వాత. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో మిషనరీ వైద్యులు మొదలుపెట్టిన మానసిక వైద్య విభాగం రోగితోపాటు కుటుంబాన్నీ ఉంచుకుని దశాబ్దాలుగా మందులు కూడా ఇస్తూ వైద్యం చేస్తోంది. ఈ వాదన ఇక్కడితో ఆపుతాను. నన్ను ఎక్కువ భయపెట్టేవి వేరే రెండున్నాయి.

మొదటిది ఈస్టరుకు ముందు చేసే లెంటు ఉపవాసం. బైపోలార్ అనే మానసిక జబ్బుకు లిథియం మందు వాడేవాళ్ల రక్తంలో దాని స్థాయి మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. మార్చి ఎండలో నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం చేస్తే అది పైకి ఎగబాకుతుంది. చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి, మాట ముద్దగా వస్తుంది. అందుకే ఫిబ్రవరి రాగానే "ఈసారి ఉపవాసం ఎలా చేస్తున్నారు?" అని నేనే అడిగి, డాక్టరు దగ్గరికి పంపుతాను.

రెండోది తాగుడు. ఇరవై ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఉజ్జీవ సభలో ఏడ్చి, ఆ రాత్రే మానేస్తాడు. అందరూ స్తోత్రం అంటారు. రెండో రోజో మూడో రోజో ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, గోడ మీద లేని పురుగుల్ని ఏరడం, చచ్చిపోయిన తండ్రితో మాట్లాడటం మొదలవుతుంది. 'దయ్యం తిరగబడింది' అని ప్రార్థన మందిరానికి తీసుకెళ్లి గొలుసుతో కట్టేస్తారు. అది మద్యం ఒక్కసారిగా ఆపినందుకు వచ్చే డెలీరియం, అంటే మతి తప్పిన స్థితి. ఫిట్స్ కూడా రావచ్చు. ఆసుపత్రిలో చేర్చకపోతే ప్రాణం పోవచ్చు. ఇక గొలుసు మాటకొస్తే, అదే 2017 చట్టం 95వ సెక్షన్ మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదంది. తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టి ఉంచడంతో పారిపోలేకపోయారు.

అపోహ: అన్యులు, అంటే క్రైస్తవులు కానివాళ్లు వస్తే సువార్త చెప్పడానికి దేవుడిచ్చిన తలుపు.

వాస్తవం: పరీక్ష తప్పి, అమ్మానాన్నలకు ముఖం చూపించలేక వచ్చిన ఇంటర్ కుర్రాడు నా దగ్గర ఎంత బలహీనంగా కూర్చుంటాడో నాకు తెలుసు. ఆ బలహీనతను నా విశ్వాసానికి వాడుకోకూడదు. నా గదిలో బైబిలు వాక్యాల క్యాలెండరు తీసేసినప్పుడు మా అమ్మ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ప్రార్థన చేయమని వచ్చినవాళ్లే అడిగితే చేస్తాను, నా అంతట నేను మొదలుపెట్టను.

అపోహ: దేవుని పని కాబట్టి ఫీజు తీసుకోకూడదు, కానుక తీసుకోవచ్చు.

వాస్తవం: నేను ఫీజు తీసుకుని రసీదిస్తాను. ఇచ్చుకోలేనివాళ్లకు తగ్గిస్తాను, అదీ రసీదు మీదే ఉంటుంది. కానుకకు లెక్క ఉండదు, ఎక్కువ ఇచ్చినవాళ్లకు ఎక్కువ టైమిస్తున్నామా అన్నది మనకే తెలియకుండా పోతుంది. ఒకావిడ గోంగూర పచ్చడి సీసా తెస్తే తీసుకున్నాను. ఉంగరం తెచ్చినాయన చేతిలో ఉంగరం తిరిగిపెట్టేశాను. ఆయన దాన్ని నేరుగా పాస్టరుగారి దగ్గరకు తీసుకెళ్లారు.