కరచాలనం లేని ఆట వెనుక 73 ఏళ్ల చరిత్ర

2025 సెప్టెంబరు 14న దుబాయ్‌లో ఆసియా కప్ మ్యాచ్ గెలిచిన భారత ఆటగాళ్లు పాకిస్తాన్ జట్టుతో చేతులు కలపకుండానే మైదానం వీడారు. ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి, మే నెలలో ఇరు సైన్యాల ఘర్షణ జరిగాక ఆ దృశ్యం ఆశ్చర్యం కలిగించలేదు కానీ, చూసినప్పుడు మనసు బరువెక్కింది.

ఈ రెండు జట్లు తొలి టెస్టు ఆడింది 1952 అక్టోబరులో, ఢిల్లీలో. పాక్ కెప్టెన్ అబ్దుల్ హఫీజ్ కర్దార్ 1946లో భారత జట్టు తరఫున ఇంగ్లండ్‌లో ఆడినవారే. ఆ టెస్టులో హేమూ అధికారితో కలిసి చివరి వికెట్‌కు 109 పరుగులు జోడించిన గులాం అహ్మద్ మన హైదరాబాదీ. ఆయన కుటుంబానికే చెందిన ఆసిఫ్ ఇక్బాల్ హైదరాబాద్ తరఫున రంజీ ఆడి, 1961లో పాకిస్తాన్‌కు వలస వెళ్లి, 1979లో ఆ దేశ కెప్టెన్‌గా భారత్‌కు వచ్చారు. విభజన ఒక్కో ఇంటిని ఎలా చీల్చిందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తట్టదు.

1955లో లాహోర్ టెస్టు చూడటానికి వేలాది భారతీయులను సరిహద్దు దాటనిచ్చారు. ఆ తర్వాత 1965, 1971 యుద్ధాలు వచ్చాయి. 1961లో ఆగిన టెస్టులు మళ్లీ 1978లో గానీ మొదలుకాలేదు.

1999 జనవరిలో పాక్ జట్టు పర్యటనను వ్యతిరేకించినవారు ఢిల్లీ కోట్లా మైదానంలో పిచ్‌ను తవ్వేశారు. అదే నెల 31న చెన్నై చేపాక్‌లో, వెన్నునొప్పితోనే 136 పరుగులు చేసిన సచిన్ అవుటయ్యాక, భారత్ 12 పరుగుల తేడాతో ఓడింది. కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయిన జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే పాక్ జట్టు మైదానమంతా చుట్టివచ్చింది. మూడు వారాలకే వాజ్‌పేయి బస్సులో లాహోర్ వెళ్లారు. మే నాటికి కార్గిల్ యుద్ధం మొదలైంది. కొండలమీద జవాన్లు ప్రాణాలొడ్డుతుండగానే జూన్ 8న మాంచెస్టర్‌లో ఇరు జట్ల ప్రపంచకప్ మ్యాచ్ కూడా జరిగింది, భారత్ గెలిచింది. చేపాక్ చప్పట్లు కార్గిల్‌ను ఆపలేదు, మాంచెస్టర్ గెలుపు యుద్ధగతిని మార్చనూ లేదు.

క్రికెట్ శాంతికి బాట వేస్తుందన్న మాట తరచూ వినిపిస్తుంది. జరిగింది మాత్రం తలకిందులు: 2003 నవంబరులో నియంత్రణ రేఖ వెంట కాల్పుల విరమణ కుదిరాకే 2004లో భారత జట్టు పూర్తిస్థాయి పర్యటనకు పాకిస్తాన్ వెళ్లింది. 2008 ముంబయి దాడులతో ఆ దారి మూసుకుపోయింది. 2012-13లో జరిగిన చిన్న సిరీస్ తర్వాత ద్వైపాక్షిక పోటీలే లేవు. ఇరు జట్ల చివరి టెస్టు 2007 డిసెంబరులో బెంగళూరులో జరిగింది. ఆ ఏడాది పుట్టినవారికి ఇప్పుడు ఓటుహక్కు వచ్చింది.